ప్రధాన సంపాదకుని బాధ్యత: విజయనగర, శ్రీకాకుళ ప్రాంతాల సాక్ష్యం

పత్రిక చేతికి తీసుకున్న పాఠకునికి రచయిత పేరు కనిపిస్తుంది; వార్తకు మొదట ఊరి పేరు కనిపిస్తుంది. సంపాదకుని పేరు మాత్రం ఏదో ఒక పుట అడుగున చిన్న అక్షరాలలో ఉంటుంది. దానిని వెదికి చదివేవారు అరుదు. అయినా ఏ రచన అచ్చు కావాలి, ఏది కారాదు, అచ్చయినది ఏ భాషలో ఉండాలి, దాని మంచిచెడ్డలకు జవాబు చెప్పవలసినవారు ఎవరు అన్న నాలుగు ప్రశ్నలకు తుదినిర్ణయం ఆ పేరు గల వ్యక్తిదే. ఈ నిర్ణయాధికారమే ప్రధాన సంపాదకుని పాత్రకు ప్రాణం. వ్యాసరచన, భాషాపరిష్కారం, కార్యాలయ నిర్వహణ మొదలైన తక్కిన పనులన్నీ ఇతరులకు పంచి ఇవ్వదగినవి. నిర్ణయం, దానితోపాటు వచ్చే బాధ్యత మాత్రం పంచి ఇవ్వరానివి.

ఈ విషయాన్ని సామాన్య సూత్రాలతో గాక, విజయనగర, శ్రీకాకుళ ప్రాంతాలకు సంబంధించిన కొన్ని చారిత్రక ఘట్టాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆధునిక తెలుగు వచనభాషను గురించిన వాదం ఈ ప్రాంతంలోనే బలపడింది. ఆ వాదం పండితసభలలో, విశ్వవిద్యాలయ సంఘాలలో చాలాకాలం నడిచింది గాని అక్కడ తేలలేదు. అది తేలింది పత్రికా కార్యాలయాలలో, సంపాదకుల బల్లల మీద. ఈ సత్యాన్ని వాదానికి నాయకత్వం వహించిన మహనీయుడే తన జీవితపు చివరి వారంలో చాటడం గమనార్హం.

పదవిచారం

'సంపాదకుడు' అన్నది తత్సమ పదం. గత్యర్థకమైన పద ధాతువుకు 'సమ్' ఉపసర్గ చేరి ప్రేరణార్థంలో 'సంపాదయతి' అన్న రూపం ఏర్పడుతుంది. దానిపై కర్త్రర్థంలో ణ్వుల్ ప్రత్యయం రాగా 'సంపాదక' శబ్దం సిద్ధిస్తుంది. సమకూర్చేవాడు, సిద్ధింపజేసేవాడు, పూర్తిచేసేవాడు అని దీని అర్థం. తెలుగులో 'సంపాదించు' అన్న క్రియ ధనార్జనకు రూఢమైనందువల్ల ఈ మూలార్థం కొంత మరుగునపడింది. అయినా పత్రికా వ్యవహారంలో ఈ శబ్దం తన మొదటి అర్థాన్నే నిలుపుకొన్నది.

ప్రాచీన గ్రంథాల విషయంలో మనకు 'పరిష్కర్త' అన్న మరొక మాట ఉంది. తాళపత్ర ప్రతులను పోల్చి, పాఠాంతరాలను పరిశీలించి, కవిహృదయానికి సన్నిహితమైన పాఠాన్ని నిర్ణయించేవాడు పరిష్కర్త. అతని ముందున్న గ్రంథం ఇదివరకే రచింపబడినది. దాని కర్త గతించినవాడు. పత్రికా సంపాదకుని స్థితి వేరు. అతని ముందున్నది ఇంకా రూపం స్థిరపడని రచన. ఎదుట ఉన్నవాడు జీవించి ఉన్న రచయిత. మనసులో ఉండవలసినవాడు రేపు చదవబోయే పాఠకుడు. పరిష్కర్త ఉన్నదానిని నిలబెడతాడు. సంపాదకుడు ఇంకా లేనిదానిని రాయించి రప్పిస్తాడు. ఈ భేదాన్ని విస్మరిస్తే సంపాదకుడు అక్షరదోషాలు దిద్దే ఉద్యోగిగా మాత్రమే కనిపిస్తాడు.

తొలితరం తెలుగు పత్రికలలో 'పత్రికాధిపతి' అన్న మాట వాడుకలో ఉండేది. ఆ మాటలో యాజమాన్యం, సంపాదకత్వం రెండూ కలిసి ఉన్నాయి. 1874లో 'వివేకవర్ధని'ని స్థాపించిన కందుకూరి వీరేశలింగం పంతులు దానికి అధిపతి, సంపాదకుడు, ముఖ్య రచయిత కూడా. పత్రికలు పెరిగి దినపత్రికలుగా మారిన కొద్దీ ఈ ఒక్క పాత్ర అనేక పాత్రలుగా విడిపోయింది. వార్తలు పంపే విలేఖరి, వాటిని దిద్ది శీర్షిక పెట్టే ఉపసంపాదకుడు, పుటల కూర్పును చూచే వార్తా సంపాదకుడు, వ్యాఖ్యలు రాసే సహాయ సంపాదకుడు, వీరందరిపైన ప్రధాన సంపాదకుడు అన్న క్రమం ఏర్పడింది. ఈ క్రమంలో పై మెట్టుకు పోయిన కొద్దీ స్వయంగా రాసే పని తగ్గుతుంది. ఇతరులు రాసినదానికి బాధ్యత వహించే పని పెరుగుతుంది.

చట్టదృష్టి

ఈ బాధ్యతను చట్టం కూడా గుర్తించింది. 1867 నాటి పత్రికల, పుస్తకాల నమోదు చట్టం సంపాదకుణ్ణి నిర్వచించిన తీరు పరిశీలించదగినది. పత్రికలో ప్రచురించే విషయాల ఎంపికను నియంత్రించే వ్యక్తి సంపాదకుడని ఆ నిర్వచన సారాంశం. రచనానైపుణ్యం గాని పాండిత్యం గాని అందులో ప్రస్తావనకు రాలేదు. ఎంపిక ఒక్కటే లక్షణంగా చెప్పబడింది. ప్రతి ప్రతిమీద సంపాదకుని పేరు స్పష్టంగా ముద్రించాలని ఆ చట్టం విధించింది. అలా ముద్రితమైన పేరు గల వ్యక్తియే ఆ సంచికలోని విషయాలను ఎంపిక చేసినట్లు న్యాయస్థానం ప్రాథమికంగా భావిస్తుంది. కాదని నిరూపించుకొనే భారం అతనిదే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. 'సంపాదకుడు' అన్న పదానికే ఆ చట్టంలో స్థానం ఉంది; 'ప్రధాన సంపాదకుడు' అన్న హోదాకు లేదు. మలయాళ మనోరమ పత్రిక ప్రధాన సంపాదకులు కె.ఎం. మాథ్యూకు సంబంధించి 1992 నాటి న్యాయ నివేదికలలో ప్రకటితమైన తీర్పులో సుప్రీంకోర్టు ఈ విషయాన్నే స్పష్టం చేసింది. చట్టం చెప్పిన ఊహ సంపాదకునికే వర్తిస్తుందని, ప్రధాన సంపాదకుని విషయంలో అతనికి ఆ ప్రచురణ సంగతి తెలుసునన్న ఆరోపణ ఫిర్యాదులో ప్రత్యేకంగా ఉండాలని తీర్పు తాత్పర్యం. పదేళ్ల తరువాత, 2002లో, అదే ప్రధాన సంపాదకుని మరొక వ్యాజ్యంలో ఆ హోదా పూర్తి రక్షణ కవచం కాదని న్యాయస్థానం తేల్చింది. నిర్దిష్టమైన ఆరోపణ ఉన్నప్పుడు విచారణను ఎదుర్కొనవలసిందేనన్నది. ఆ 1867 చట్టం స్థానంలో 2023లో ఆమోదం పొందిన కొత్త చట్టం 2024 మార్చి 1 నుండి అమలులోకి వచ్చింది.

ఈ తీర్పులనుండి గ్రహించవలసిన విషయం న్యాయశాస్త్రానికి మాత్రమే పరిమితమైనది కాదు. పేరు పైకి పోయి, పని కిందికి దిగితే బాధ్యత ఎక్కడ నిలుస్తుంది అన్నది ప్రశ్న. పేరు ఒకరిది, ఎంపిక మరొకరిది అయినప్పుడు పత్రికలో నిర్ణయాలు జరుగుతూనే ఉంటాయి గాని నిర్ణేత కనిపించడు. పూర్వకాలపు సంపాదకులలో ఈ దోషం లేదు. వారు ఎంచుకొన్నారు; ఎంచుకొన్నదానికి నిలబడ్డారు. విజయనగరంలో మొదలైన ఒక కథ అందుకు ఉదాహరణ.

ఒక విద్యార్థి, ఇద్దరు సంపాదకులు

1883లో విజయనగరంలో చదువుకొంటున్న ఇరవై ఒక్క సంవత్సరాల గురజాడ అప్పారావు (1862–1915) 'సారంగధర' అన్న కావ్యాన్ని ఆంగ్లంలో రచించారు. అది 'ఇండియన్ లీజర్ అవర్' అన్న పత్రికలో వెలువడింది. దాని సంపాదకులు గుండుకుర్తి వెంకటరమణయ్య. పేరు తెలియని విద్యార్థి రచనకు చోటిచ్చి, అతనిని ప్రోత్సహించిన ఆ సంపాదకుడు చేసిన మొదటి పని ఎంపిక. ఆ ఎంపిక లేకపోతే తరువాతి కథ లేదు.

ఆ కావ్యాన్ని కలకత్తాలో శంభుచంద్ర ముఖర్జీ చదివారు. ఆయన 'రెయిస్ అండ్ రయ్యత్' అన్న ఆంగ్ల పత్రికకు సంపాదకులు. ఆయన ఆ కావ్యాన్ని తన పత్రికలో పునర్ముద్రించారు. అంతటితో ఊరుకొంటే అది ఒక మెప్పుగా మిగిలేది. ఆయన ఇంకొక అడుగు ముందుకు వేశారు. పరభాషలో ఎంత ప్రతిభ చూపినా కవికి దక్కవలసిన స్థానం దక్కదని, మాతృభాషలో రచన చేయడమే తగినదని అప్పారావుకు హితవు చెప్పారు. ఆంగ్ల పత్రికను నడిపే సంపాదకుడు తనకు అక్కరకు వచ్చే ఆంగ్ల రచయితను తన పత్రికనుండి తానే దూరం చేసుకొని తెలుగుకు అప్పగించడం సామాన్య విషయం కాదు. పత్రిక ప్రయోజనానికి పైన రచయిత ప్రయోజనాన్ని, దానికి పైన సాహిత్య ప్రయోజనాన్ని చూడగలగడం ప్రధాన సంపాదకుని లక్షణాలలో ఉత్తమమైనది.

ఈ ఒక్క సలహావల్లనే 'కన్యాశుల్కం' పుట్టిందనడం అతిశయోక్తి అవుతుంది. విజయనగర సంస్థానాధీశులు ఆనందగజపతి ఆదరణ, సంఘసంస్కరణ వాతావరణం, అప్పారావు స్వీయ పరిశీలన అన్నీ కలిస్తేనే 1892లో ప్రదర్శితమై 1897లో ముద్రితమైన ఆ నాటకం సాధ్యమైంది. అయితే ప్రతిభ ఏ వైపు తిరగాలో తేల్చుకోవలసిన వయస్సులో ఒక సంపాదకుని మాట ఒక దిక్కు చూపిందనడంలో సందేహం లేదు.

అప్పారావు జీవితంలో సంపాదకుల పాత్ర అక్కడితో ముగియలేదు. 1910లో బందరునుండి అయ్యంకి వెంకటరమణయ్య 'ఆంధ్రభారతి' మాసపత్రికను ప్రారంభించారు. అప్పటికి ఆయన ఇరవై సంవత్సరాల యువకుడు. 'ముత్యాల సరాలు', 'దిద్దుబాటు' ఆ ఏడాదే ఆ పత్రికలో వెలువడ్డాయి. కొత్త ఛందస్సు, వాడుక మాటలు, కథానిక అన్న కొత్త ప్రక్రియ అన్నీ ఒకేసారి ఒక పత్రిక పుటలలోకి వచ్చాయి. ఆనాటి పండితాభిప్రాయం వీటికి అనుకూలం కాదు. నలభై ఎనిమిదేళ్ల కవి ధైర్యాన్ని మనం తరచు కొనియాడతాము. ఆ ధైర్యాన్ని అచ్చు వేసిన ఇరవై ఏళ్ల సంపాదకుని ధైర్యాన్ని కూడా దాని పక్కన చేర్చడం న్యాయం.

గిడుగువారి 'తెలుగు'

శ్రీకాకుళానికి సమీపంలోని పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా జీవితం గడిపారు. సవరభాషను నేర్చి, దానికి వ్యాకరణ, నిఘంటువులను రచించిన అనుభవం ఆయనకు ఒక సత్యాన్ని బోధించింది. భాష అనగా జనుల నోట నడిచేది. లిపి, వ్యాకరణం దానిని అనుసరించవలసినవి. ఈ దృష్టితోనే ఆయన పాఠశాలలలో బోధించే తెలుగు వచనాన్ని పరిశీలించి, వ్యావహారిక భాషావాదాన్ని చేపట్టారు.

ఆ వాదం మొదట విద్యాశాఖలో, తరువాత మద్రాసు విశ్వవిద్యాలయంలో నడిచింది. 1911లో ఏర్పడిన ఆంధ్రసాహిత్య పరిషత్తు ప్రతిపక్షానికి వేదిక అయింది. విశ్వవిద్యాలయ సంఘంలో గ్రాంథికానికే మొగ్గు కలిగినప్పుడు అప్పారావు 1914లో తమ అసమ్మతి పత్రాన్ని సమర్పించారు. మరుసటి ఏడాది ఆయన మరణించారు. సంఘాలలో సంఖ్యాబలం ఎటు ఉంటే నిర్ణయం అటు పోతుందని ఈ అనుభవం చెప్పింది.

1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. వీరేశలింగం పంతులు దానికి అధ్యక్షులై, మూడు నెలలలోనే కీర్తిశేషులయ్యారు. ఆ సంవత్సరమే రామమూర్తి పంతులు పర్లాకిమిడినుండి 'తెలుగు' అన్న పత్రికను తామే సంపాదకులై ప్రారంభించారు. పూర్వుల వచనంలోనూ వ్యాఖ్యానాలలోనూ వాడుక రూపాలు ఎలా ఉన్నవో చూపడం, ప్రతిపక్షుల ఆక్షేపణలకు సమాధానం చెప్పడం దాని ముఖ్య ప్రయోజనాలు. ఆ పత్రిక సుమారు ఒక సంవత్సరం మాత్రమే నడిచింది.

అల్పాయువైన ఈ పత్రికను సంపాదకత్వ దృష్టితో అంచనా వేయడం అవసరం. శాస్త్రదృష్టిలో దాని విలువ గొప్పది. అయితే అందులో సంపాదకుడే ప్రధాన రచయిత. వాదమే ప్రధాన విషయం. పండితులే ప్రధాన పాఠకులు. వాడుకభాష రాయవచ్చునని అది నిరూపించింది గాని, వాడుకభాషలో నిత్యజీవితపు సమస్త విషయాలను రాసి చూపే అవకాశం దానికి లేదు. ధాన్యం ధర, కోర్టు తీర్పు, యుద్ధవార్త, వరద, పెళ్లి, నాటక ప్రదర్శన అన్నీ ఒకే భాషలో, ప్రతిదినం, గడువులోపల రాయవలసి వచ్చినప్పుడే ఆ భాష శక్తి తెలుస్తుంది. ఆ పరీక్ష జరగవలసిన చోటు వార్తాపత్రిక. ఆ పరీక్షకు అనుమతి ఇవ్వగలవాడు ప్రధాన సంపాదకుడు.

శిష్యుని 'జనవాణి', గురువు తుది విన్నపం

ఆ అనుమతి ఇచ్చిన సంపాదకులలో ముందువరుసలో నిలిచినవారు తాపీ ధర్మారావు (1887–1973). ఆయన బరంపురంలో జన్మించారు. శ్రీకాకుళం, విజయనగరం, పర్లాకిమిడులలో చదివారు. పర్లాకిమిడిలో రామమూర్తి పంతులు ఆయనకు గురువు. గణితోపాధ్యాయుడుగా బ్రతుకు ప్రారంభించి, తరువాత మద్రాసు చేరి 'సమదర్శిని', 'కొండెగాడు', 'జనవాణి', 'కాగడా' పత్రికలకు సంపాదకత్వం వహించారు. వీటిలో 1930 దశకంలో నడిచిన 'జనవాణి' భాషాచరిత్రలో ప్రత్యేకస్థానం పొందింది. సంపాదకీయాలతోపాటు వార్తలను కూడా ఆయన వాడుకభాషలో నడిపించారు.

ఈ నిర్ణయం ఎంతటిదో తెలియాలంటే పత్రికా కార్యాలయంలో పని జరిగే తీరు తెలియాలి. ఆనాడు ప్రపంచవార్తలు ఆంగ్లంలో తంతి ద్వారా వచ్చేవి. ఉపసంపాదకుడు వాటిని గడియారం చూచుకొంటూ తెలుగు చేయాలి. గ్రాంథికంలో రాయవలసి వస్తే అతడు వార్త తాత్పర్యంతోపాటు సంధిని, అర్ధానుస్వారాన్ని, క్రియారూపాన్ని కూడా చూచుకోవాలి. వాడుకభాషలో రాయవలసి వస్తే ఆ బరువు తగ్గుతుంది. వేరొక చిక్కు వస్తుంది. 'వచ్చినాడు' అనాలా, 'వచ్చాడు' అనాలా? 'వెళ్లవలెను' అనాలా, 'వెళ్లాలి' అనాలా? పదిమంది ఉపసంపాదకులు పదివిధాలుగా రాస్తే పత్రికకు ఒక గొంతు ఉండదు. దీనికి వ్యాకరణ గ్రంథం సమాధానం చెప్పదు. ప్రధాన సంపాదకుడు ఒక రూపాన్ని ఎంచి, 'మన పత్రికలో ఇలా రాద్దాము' అనాలి. ఒక రచయిత తన వ్యాసాన్ని వాడుకభాషలో రాయడం వ్యక్తిగతమైన సాహసం. ఒక సంపాదకుడు పత్రికనంతటినీ వాడుకభాషలోకి మార్చడం ఒక వ్యవస్థను నెలకొల్పడం.

గురువుకు ఈ భేదం బాగా తెలుసు. పర్లాకిమిడి 1936లో ఒరిస్సాలో చేరినప్పుడు ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరిన రామమూర్తి పంతులు 1940 జనవరి 15న మద్రాసులో 'ప్రజామిత్ర' కార్యాలయంలో పత్రికా సంపాదకులను ఉద్దేశించి మాట్లాడారు. వ్యావహారికంలోనే రాయండన్నది ఆ విన్నపం సారం. వారం తిరిగేసరికి, జనవరి 22న, ఆయన కన్నుమూశారు. మూడు దశాబ్దాలకు పైగా విద్యాశాఖలతో, పరిషత్తులతో, విశ్వవిద్యాలయాలతో వాదించిన పండితుడు తన చివరి మాటను వారికెవరికీ గాక సంపాదకులకు చెప్పుకోవడంలో గొప్ప అర్థం ఉంది. తాళం చెవి ఎవరి చేతిలో ఉన్నదో ఆయన గుర్తించారు.

తరువాతి చరిత్ర ఆ గుర్తింపును సమర్థించింది. 1942 నుండి 'ఆంధ్రప్రభ'కు, 1960 నుండి 'ఆంధ్రజ్యోతి'కి సంపాదకులైన నార్ల వెంకటేశ్వరరావు చేతిలో వార్తాభాష వాడుకకు మరింత దగ్గరయింది. విశ్వవిద్యాలయాలు సిద్ధాంతవ్యాసాలలో వాడుకభాషను అంగీకరించడానికి రామమూర్తి పంతులు మరణానంతరం దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది. విద్యాలయాలు ఆమోదించేనాటికి పాఠకులు ఆ భాషకు ఎప్పుడో అలవాటుపడి ఉన్నారు.

దిద్దకపోవడం కూడా నిర్ణయమే

ఈ విజయంలో ఒక లోటు కూడా ఉంది. పత్రికలు స్థిరపరచిన వాడుకభాష ప్రధానంగా మధ్యకోస్తా విద్యావంతుల భాషకు సన్నిహితమైనది. వాదం కళింగాంధ్రలో బలపడినా, ఆ ప్రాంతపు సామాన్యుల పలుకుబడికి వార్తాపుటలలో చోటు దక్కలేదు. అది సాహిత్య పత్రికల ద్వారా, కథల ద్వారా అచ్చులోకి వచ్చింది. రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922–1993), కాళీపట్నం రామారావు (1924–2021) కథలలోని పాత్రలు ఉత్తరాంధ్ర పల్లెల్లో, పట్టణాల్లో మాట్లాడే మాటలనే మాట్లాడతాయి. ఆ మాటలు శిష్టరూపాలకు సరిపోవు. సంపాదకుడు తన అలవాటు ప్రకారం ఎర్రసిరాతో వాటిని 'సవరించి' ఉంటే ఆ పాత్రల ప్రాణం పోయేది. కనుక సంపాదకుని ప్రతిభను అతడు దిద్దిన వాక్యాలనుబట్టి మాత్రమే కొలవరాదు. తెలిసి దిద్దక విడిచిన వాక్యాలనుబట్టి కూడా కొలవాలి. ఏది దోషమో, ఏది మాండలికమో వేరుచేయగల విచక్షణ లేనివాడు పండితుడు కావచ్చును గాని మంచి సంపాదకుడు కాలేడు.

జిల్లా పుట వచ్చిన తరువాత

1974 ఆగస్టు 10న విశాఖపట్టణంనుండి 'ఈనాడు' దినపత్రిక ప్రారంభమైంది. ఏబీకే ప్రసాద్ దాని తొలి సంపాదకులు. వ్యవస్థాపకులు రామోజీరావు 2024లో మరణించేవరకు ఆ సంస్థకు అధినేతగా ఉన్నారు. అంతకుముందు పేరుపొందిన తెలుగు దినపత్రికలు దూరపు నగరాలలో అచ్చయి ఉత్తరాంధ్రకు ఆలస్యంగా చేరేవి. విశాఖలోనే పత్రిక అచ్చు కావడంతో శ్రీకాకుళం, విజయనగరం పాఠకులు తెల్లవారేసరికి వార్తలు చదివే స్థితి ఏర్పడింది. 1989లో ఆ పత్రిక జిల్లాకొక ప్రత్యేక అనుబంధాన్ని ప్రవేశపెట్టింది. తక్కిన పత్రికలు అదే బాటను అనుసరించాయి. మండల కేంద్రంలో విలేఖరి, జిల్లా కేంద్రంలో ప్రతినిధి, ముద్రణ కేంద్రంలో డెస్కు అన్న అమరిక వచ్చింది.

దీనివల్ల పల్లె సమస్యలకు మున్నెన్నడూ లేనంత చోటు లభించింది. బోరు చెడిపోయిన ఊరు, ఉపాధ్యాయుడు రాని బడి, వంతెన లేని వాగు అచ్చులోకి వచ్చాయి. అయితే దీనితోపాటే ఒక కొత్త ప్రమాదం కూడా వచ్చింది. జిల్లా పుట జిల్లా సరిహద్దు దాటదు. శ్రీకాకుళం వార్త శ్రీకాకుళంవారే చదువుతారు. సమస్య అచ్చయింది గనుక స్థానికులకు తృప్తి కలుగుతుంది. నిర్ణయాలు జరిగే రాజధానిలో మాత్రం ఆ పుట కనిపించదు.

ఉద్దానం ప్రాంతాన్ని ఉదాహరణగా గ్రహించవచ్చు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మొదలైన మండలాలలో మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా కుటుంబాలను కుంగదీస్తున్నది. ఇటువంటి విషయం ఒక్కనాటి ప్రమాదం వంటిది కాదు. నేడు కొత్తగా జరిగినదేమీ ఉండదు; నిన్న ఉన్నదే నేడూ ఉంటుంది. కొత్తదనాన్నే వార్తగా ఎంచే అలవాటుకు ఇది అందదు. 2010 జూలైలో సోంపేట వద్ద విద్యుత్కేంద్ర వ్యతిరేకోద్యమంపై కాల్పులు జరిగినప్పుడు ఆ ఊరి పేరు దేశమంతటా వినిపించింది. తుపాకి మ్రోగినప్పుడు ఏ పత్రికకైనా అది వార్తే. బీలభూముల రైతుల సందేహాలు కాల్పులకు ముందే వినవలసినవా కావా అని నిర్ణయించడంలో సంపాదకుని దూరదృష్టి తెలుస్తుంది. జిల్లా పుటలోని ఏ విషయం రాష్ట్రపు మొదటి పుటకు ఎక్కాలి అన్న నిర్ణయం మండల విలేఖరి చేయలేడు. డెస్కులోని ఉపసంపాదకుడు సూచించగలడు గాని శాసించలేడు. అది ప్రధాన సంపాదకుని పని. నూరు పుటలు ఇతరులు నింపినా, ఈ ఒక్క బదిలీ అతని చేతిమీదుగానే జరగాలి.

యజమానియే ప్రధాన సంపాదకుడుగా పేరు వేసుకొనే పద్ధతి ఇప్పుడు తెలుగుదేశంలో అపరిచితం కాదు. కందుకూరి కాలంలోనూ ఇద్దరూ ఒకరే. ఆనాటి అధిపతి స్వయంగా రాసి, స్వయంగా దిద్ది, వచ్చిన నష్టాన్నీ నిందనూ స్వయంగా భరించేవాడు. బహుకేంద్రాలనుండి వెలువడే నేటి పత్రికలో పేరొకచోట, పనొకచోట ఉండే అవకాశం ఎక్కువ. 1992, 2002 నాటి తీర్పులలో న్యాయస్థానం ఎదుర్కొన్న సందిగ్ధం ఇదే. చట్టం దానిని ఏ విధంగా పరిష్కరించినా, పాఠకుని దృష్టిలో ధర్మం ఒక్కటే: ఎంపిక చేసేవాని పేరు అచ్చు కావాలి, పేరు అచ్చయినవాడు ఎంపిక చేయాలి.

ఉపసంహారం

శ్రీకాకుళంలో 1997 ఫిబ్రవరి 22న కాళీపట్నం రామారావు ప్రారంభించిన 'కథానిలయం' తెలుగు కథలు వెలువడిన పత్రికల సంచికలను సేకరించి భద్రపరుస్తున్నది. కథల కోసం వెళ్లే పరిశోధకుడు అక్కడ మరొక విషయాన్ని కూడా గమనించవచ్చు. ఒక కథ పక్కన ఏ వ్యాసం ఉంది, ఏ కొత్త రచయితకు ఎన్ని పుటలు దక్కాయి, పాఠకుల లేఖలకు ఎంత చోటు ఉంది అన్నవన్నీ ఆ సంచికలలో కనిపిస్తాయి. ఇవి రచయితల చరిత్రకు ఆధారాలైనట్లే సంపాదకుల నిర్ణయాల చరిత్రకు కూడా ఆధారాలు. రచన గ్రంథరూపం పొందినప్పుడు ఈ ఆధారాలు రాలిపోతాయి; పత్రిక పుటలోనే అవి మిగులుతాయి. రచయితల జీవితచరిత్రలు మనకు చాలినన్ని ఉన్నాయి. సంచికల వారీగా సంపాదకత్వాన్ని పరిశీలించే పరిశోధనలు ఇంకా విస్తృతంగా జరగవలసి ఉంది.

విద్యార్థి కావ్యాన్ని ఎంచుకొన్న గుండుకుర్తి, అతనిని మాతృభాషవైపు మళ్లించిన ముఖర్జీ, కొత్త పద్యానికీ కొత్త కథకూ చోటిచ్చిన అయ్యంకి, పత్రికనంతటినీ వాడుకలోకి తెచ్చిన తాపీ, వీరందరూ చేసినది ఒక్కటే. ఎంచుకొన్నారు, ఎంచుకొన్నదానికి తమ పేరు పెట్టారు. శ్రీకాకుళపు మట్టిలో పుట్టిన భాషాశాస్త్రవేత్త తన చివరి విన్నపాన్ని సంపాదకులకే సమర్పించినది ఆ శక్తిని ఎరిగినందువల్లనే. ఆ శక్తి నేటికీ పుట అడుగున చిన్న అక్షరాలలోనే ఉన్నది. అక్షరాలు చిన్నవైనా వాటి బాధ్యత చిన్నది కాదు.